కోళ్ల షెడ్డులో ఘాటును నిలబడి కాదు, కూర్చుని చూడాలి

చలికాలంలో కోడిపిల్లలకు చలి తగులుతుందన్న భయంతో బ్రాయిలర్ షెడ్డు పరదాలను కింది నుంచి పైదాకా బిగించేస్తే, తడిసిన లిట్టరు, అంటే నేల మీద పరిచిన ఊకలోని రెట్ట మీద బాక్టీరియా పనిచేయడం వల్ల పుట్టే అమోనియా బయటికి పోయే దారి లేక లోపలే పేరుకుపోతుంది. రోజంతా షెడ్డులో తిరిగే వారి ముక్కు ఆ ఘాటుకు అలవాటుపడిపోతుంది కనుక, తెల్లవారుజామున కాసేపు బయటి గాలి పీల్చుకున్నాక, లోపలికి అడుగుపెట్టగానే గొంతుకూర్చుని, కోడి తల ఎత్తులో ఒకసారి గాలి పీల్చి చూడండి. అమోనియాను 25 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 25 భాగాలు) దాటనివ్వకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. కళ్లు మండేదాకా వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు లెక్క.

ఆ వెంటనే కోళ్లు నీళ్లు తాగే డ్రింకర్ల కింద నుంచి గుప్పెడు ఊక తీసి గట్టిగా పిసకండి. గుప్పిట తెరిచినా ముద్ద విడిపోకపోతే తేమ ఎక్కువైనట్టు, కాస్త ముద్దకట్టి విచ్చుకుంటే సరిగ్గా ఉన్నట్టు. అసలు అంటుకోకుండా రాలిపోతే మాత్రం దుమ్ము లేచి అదీ కోళ్ల ఊపిరికే చేటు చేస్తుంది. నీళ్లు కారుతున్న డ్రింకరు నిపుల్‌ను బాగుచేసి, గడ్డకట్టిన ఊకను ఎత్తిపోసి, పొడి ఊక పరచాలి. పరదాను పైభాగాన అడుగు మేరకైనా తెరిచి ఉంచాలి. తడి లిట్టరు మీద సున్నం చల్లడం చాలామందికి అలవాటే గాని, క్షారగుణం పెరిగిన కొద్దీ అమోనియా మరింతగా విడుదలవుతుంది కాబట్టి, కోళ్లు లోపల ఉండగా ఆ పని చేయకపోవడమే మేలు.