అమెరికా ఫెడరల్ జైల్లో ఉన్నవారి ఖాతాకు డబ్బు పంపడం ఎలా?

అమెరికా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) జైల్లో ఖైదీ చేతికి నగదు ఇవ్వరు. లోపల సబ్బు కొనాలన్నా, ఇంటికి ఫోను చేయాలన్నా డబ్బు అతని పేరున ఉండే ట్రస్ట్ ఫండ్ ఖాతా నుంచే కదలాలి. జైలు దుకాణం పేరు కమిసరీ కాబట్టి కుటుంబాలు దీన్ని కమిసరీ ఖాతా అంటుంటాయి. ఖాతా తెరవమని ఎవరూ దరఖాస్తు పెట్టనక్కర్లేదు. ఈ జైళ్లను నడిపే ఫెడరల్ బ్యూరో ఆఫ్ ప్రిజన్స్ అధీనంలోకి ఖైదీ రాగానే అది ఉంటుంది. కుటుంబం నేర్చుకోవాల్సిందల్లా అందులో డబ్బు వేసే పద్ధతి.

అయితే మనిషి నిజంగా బ్యూరో అధీనంలోనే ఉన్నాడా అన్నది ముందు తేల్చుకోవాలి. తెలుగు కుటుంబాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులే ఉచ్చుగా నడిపిన ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ వ్యవహారం 2019 జనవరిలో బయటపడినప్పుడు, అందులో చేరిన విద్యార్థులను ఆ అధికారులు నిర్బంధించారు. వారిని చేర్పించారంటూ 8 మందిపై డెట్రాయిట్ ఫెడరల్ కోర్టులో క్రిమినల్ కేసు నడిచింది. పైకి ఒకే కేసులా కనిపించినా నిర్బంధ కేంద్రానికి డబ్బు కట్టే దారి వేరు, ఫెడరల్ జైలుకు వేరు. రాష్ట్ర జైళ్లకు మరొకటి. చాలా రాష్ట్రాల్లో జేపే వంటి ప్రైవేటు కంపెనీల ద్వారా కట్టాలి. శిక్ష పడక ముందు ఫెడరల్ నిందితుణ్ణి కూడా తరచూ ఏదో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) జైల్లో ఉంచుతారు. అక్కడ ఉన్నంతకాలం ఆ కౌంటీ పద్ధతే వర్తిస్తుంది. ఈ వ్యాసం ఫెడరల్ జైళ్ల గురించి మాత్రమే.

బ్యూరో వెబ్‌సైట్‌లో పేరుతో ఖైదీని వెతికే సదుపాయం ఉంది. అందులో 8 అంకెల రిజిస్టర్ నంబరు, ప్రస్తుతం ఉన్న జైలు, విడుదల తేదీ కనిపిస్తాయి. ఒక ఫెడరల్ జైలు నుంచి మరోదానికి మార్చినా నంబరు మారదు. పేరును మాత్రం అక్కడ ఉన్నది ఉన్నట్టే రాసుకోవాలి. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒక చోట, పెట్టిన పేరు మరో చోట ఉంటాయి. కొందరికి ఒక గడి ఖాళీగానే ఉంటుంది. అలాంటివారి పేరు ముందు అమెరికా రికార్డుల్లో ఎఫ్ఎన్‌యూ (FNU, అంటే మొదటి పేరు తెలియదు) అనే మూడు అక్షరాలు చేరడం మామూలే. ఇంట్లో ఏమని పిలుస్తారో, ఆధార్‌లో ఏముందో ఇక్కడ లెక్కలోకి రాదు. కోర్టు ఏ పేరుతో జైలుకు పంపిందో అదే రాయాలి. తప్పు నంబరో తప్పు పేరో రాస్తే, అది మరో ఖైదీకి సరిపోయి అతని ఖాతాలో డబ్బు జమ అయితే, తిరిగి వస్తుందన్న హామీ లేదు. ఆ బాధ్యత పంపినవారిదేనని బ్యూరో స్పష్టంగా చెబుతుంది.

డబ్బు చేరడానికి మూడు దారులున్నాయి. వేగంగా చేరేది నగదు బదిలీ సంస్థ వెస్టర్న్ యూనియన్ వారి క్విక్ కలెక్ట్ సేవ. అందులో సిటీ కోడ్ దగ్గర ఎఫ్‌బీఓపీ (FBOP), రాష్ట్రం దగ్గర డీసీ (DC) అని ఇవ్వాలి. ఖాతా నంబరు గడిలో 8 అంకెలు, వాటి వెంటనే ఖైదీ చివరి పేరు, మధ్యలో గీత గానీ ఖాళీ గానీ లేకుండా. అమెరికా తూర్పు ప్రాంత సమయం ప్రకారం ఉదయం 7 నుంచి రాత్రి 9 లోపు పంపితే రెండు నుంచి నాలుగు గంటల్లో జమ అవుతుంది, సెలవు రోజైనా సరే. రెండో దారి అలాంటి మరో సంస్థ మనీగ్రామ్, అందులోనూ ఇదే తరహా. అక్కడ రిసీవ్ కోడ్ 7932. రెండూ రుసుము తీసుకుంటాయి.

మూడోది తపాలా మార్గం. మనీ ఆర్డరుపై ఖైదీ పూర్తి పేరు, నంబరు రాసి అయోవా రాష్ట్రం డి మోయిన్‌లోని పోస్ట్ బాక్స్ 474701కు పంపాలి. జైలు చిరునామాకు పంపితే కుదరదు. నగదు, వ్యక్తిగత చెక్కు తీసుకోరు. కవరులో ఉత్తరం, ఫొటో పెట్టకండి. ఆ పోస్ట్ బాక్సు డబ్బుకు మాత్రమే, మిగతావి ఖైదీకి చేరవు.

భారత్‌లో ఉన్న తల్లిదండ్రులకు ఇందులో చాలావరకు అందుబాటులో ఉండదు. మన దేశంలోని వెస్టర్న్ యూనియన్ కౌంటర్ బయటి నుంచి వచ్చిన డబ్బు ఇవ్వడానికే తప్ప ఇక్కడి నుంచి పంపడానికి కాదు. ఆచరణలో కుదిరేది, అమెరికాలో ఉన్న నమ్మకమైన బంధువుకు బ్యాంకు ద్వారా పంపి, అక్కడి నుంచి ఖాతాలో వేయించడం. రిజర్వ్ బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. బ్యాంకు పాన్, ఏ2 ఫారం అడుగుతుంది. ‘ఇక్కడ రూపాయలు ఇవ్వండి, అక్కడ మావాళ్లు డాలర్లు వేస్తారు’ అనేవారి మాట వినకండి. అది విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) ఉల్లంఘన. ఇంట్లో ఒక కేసు చాలు.

ఎంత పంపాలన్నది అసలైన ప్రశ్న. తిండి, బట్టలు, పడక జైలే ఇస్తుంది. లోపల మామూలు పనులకు వచ్చే కూలి గంటకు 12 నుంచి 40 సెంట్లు. కమిసరీలో నూడుల్స్, కాఫీ, బియ్యం, బూట్లు, రేడియో వంటివి దొరుకుతాయి, శాకాహారులకు ఇది పెద్ద ఊరట. కొనుగోలుకు నెలవారీ పరిమితి సాధారణంగా 360 డాలర్లు. కొన్ని జైళ్లలో తక్కువ ఉండవచ్చు. ఫోను, తపాలా బిళ్లల ఖర్చు ఈ పరిమితిలోకి రాదు. ఖైదీ తనంతట తాను అడిగి వైద్యుణ్ణి కలిస్తే 2 డాలర్లు ఖాతా నుంచి పోతాయి.

ఒకేసారి పెద్ద మొత్తం వేయాలనుకునేవారు మరో లెక్క తెలుసుకోవాలి. కోర్టు విధించిన జరిమానా, బాధితుల పరిహారం, రుజువైన ఒక్కో తీవ్ర నేరానికి 100 డాలర్ల ప్రత్యేక రుసుము వంటివి బాకీ ఉంటే, జైలు సిబ్బంది ఖైదీతో చెల్లింపుల ప్రణాళిక రాయిస్తారు. కనీసం మూడు నెలలకు 25 డాలర్లు. వాయిదా ఎంతో తేల్చడానికి గత ఆరు నెలల్లో ఖాతాలో ఎంత పడిందో చూస్తారు. ఫోను కోసమని నెలకు 75 డాలర్లు మినహాయించి మిగిలినదాన్ని చెల్లించే స్తోమతగా లెక్కిస్తారు. ప్రేమకొద్దీ వెయ్యి డాలర్లు పంపితే వాయిదా పెరుగుతుంది. బాకీ తీరాల్సిందే, అందులో తప్పేమీ లేదు. కానీ నూడుల్స్‌కని పంపిన డబ్బు అటు వెళ్లిందేమిటని తర్వాత వాపోవడం అనవసరం. అవసరమైనంత, నెలనెలా పంపడమే నయం. ప్రణాళికకు ఒప్పుకోకపోతే కమిసరీ పరిమితి బాగా తగ్గిస్తారు.

ఫోనులో ఏదో ఒక రోజు ‘ఫలానా నంబరుకు యాభై డాలర్లు వేయండి’ అని మీవాడు అడగవచ్చు. అది వేరే ఖైదీ నంబరైతే వేయకండి. అనుమతి లేకుండా ఖైదీల మధ్య డబ్బు మారడం క్రమశిక్షణ నేరం. పైగా ఆ కోరిక వెనుక బెదిరింపు ఉండే అవకాశం ఉంది. జైల్లో అతని వ్యవహారాలు చూసే ఉద్యోగి, అంటే కేస్ మేనేజర్‌తో మాట్లాడటం మంచిది.

విడుదల రోజున ఖాతాలో మిగిలింది సాధారణంగా డెబిట్ కార్డు రూపంలో అతని చేతికే ఇస్తారు.