సెలైన్ చుక్కల లెక్క – 3వ భాగం: సీసా వెనకబడితే

గత భాగంలోని సూత్రం ఇది: ఎక్కించాల్సిన మి.లీ.ను సెట్టు చుక్కల సంఖ్యతో (ఆ సెలైన్ ట్యూబు సెట్టులో ఒక మి.లీ.కు పడే చుక్కలతో) గుణించి, నిమిషాలతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుక్కలో వస్తుంది. గంటకు ఎన్ని మి.లీ. అన్నది తెలిస్తే ఇంకా సులువు. 20 చుక్కల సెట్టుకు దాన్ని 3తో, 15 చుక్కల సెట్టుకు 4తో భాగించండి. 60 చుక్కల మైక్రో సెట్టుకు భాగహారమే అక్కర్లేదు, గంటకు ఎన్ని మి.లీ.నో నిమిషానికి అన్ని చుక్కలు. సెట్టు ఏ రకమో అలవాటు మీద ఊహించకండి. ప్యాకెట్ మీద చదివాకే లెక్క మొదలుపెట్టండి.

ఇక ఈనాటి పాఠం. 500 మి.లీ. ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ ద్రవం) 5 గంటల్లో వెళ్లాలని ఆర్డర్. ఉదయం 8కి 20 చుక్కల సెట్టుతో మొదలుపెట్టారు. గంటకు 100 మి.లీ. కాబట్టి నిమిషానికి 33 చుక్కలు. 10 గంటలకు సీసాలో 300 మి.లీ. మిగలాలి, కానీ 350 ఉంది.

లెక్కకు ముందు రోగి చెయ్యి చూడండి. కాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) ఉన్నచోట వాపు, నొప్పి, చల్లదనం ఉంటే ద్రవం నరంలోకి కాక కణజాలంలోకి పోతోందని అర్థం. అప్పుడు చుక్కలు పెంచితే హాని పెరుగుతుంది; సెలైన్ ఆపి, కాన్యులా మార్చాలి. చెయ్యి బాగుంటే మోచేయి వంగిందా, ట్యూబు నలిగిందా, స్టాండు ఎత్తు తగ్గిందా, రోలర్ (చుక్కల వేగం సరిచేసే చక్రం) జారిందా చూడండి. రెండు గంటల్లో 150 మి.లీ. మాత్రమే పోయిందంటే సగటున నిమిషానికి 25 చుక్కలే పడ్డాయి. మొదట్లో 33 లెక్కపెట్టి వదిలేస్తే చాలదని ఈ అంకె చెబుతోంది. రోగి అటు ఇటు కదిలినా వేగం మారుతుంది.

కారణం సరిచేశాక కొత్త లెక్కకు మిగిలిన ద్రవాన్నీ మిగిలిన సమయాన్నీ మాత్రమే తీసుకోండి. 350 × 20 = 7000. మిగిలినవి 3 గంటలు, అంటే 180 నిమిషాలు. 7000 ÷ 180 = 38.9, దాదాపు 39 చుక్కలు. 33 మీద ఆరు ఎక్కువ, పావు వంతుకు లోపే.

అదే 350 మి.లీ. 11 గంటలకు కనబడితే? 7000 ÷ 120 = 58. అసలు వేగానికి ముప్పావు వంతు ఎక్కువ! లెక్క తప్పు కాదు, కానీ ఆ వేగం పెట్టే నిర్ణయం మీది కాదు. డాక్టర్‌కు చెప్పండి, సమయం పొడిగించమంటారేమో అడగండి. పెంపు పావు వంతు దాటితే తప్పక అడగాలన్నది చాలాచోట్ల పాటించే హద్దు. మీ ఆసుపత్రి నియమం ఇంకా కఠినమైతే దాన్నే పాటించండి. పిల్లలు, వృద్ధులు, గుండె లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారి విషయంలో చిన్న పెంపు కూడా అడగకుండా చేయకండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికి ఎక్కువ సేపు పట్టదు.

పొటాషియం కలిపిన సీసాను తొందరపెట్టడం అసలే కూడదు. మన దగ్గర సాధారణంగా దొరికే 10 మి.లీ. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు (పొటాషియాన్ని కొలిచే ప్రమాణం) ఉంటాయి. వార్డులో చేతి నరం ద్వారా గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లు దాటనివ్వకపోవడం సాధారణ నియమం. కాబట్టి ఒక ఆంప్యూల్ కలిపిన 500 మి.లీ. సీసా రెండు గంటలలోపు అవ్వకూడదు. నేరుగా సిరంజితో నరంలోకి ఇస్తే గుండె ఆగిపోగలదు.

వెనకబాటును ముందే పట్టుకోవాలంటే సీసాకు నిలువుగా ప్లాస్టర్ పట్టీ అంటించి, ఏ గంటకు నీటి మట్టం ఎక్కడుండాలో దాని మీద రాయండి. డ్యూటీ మారినప్పుడు వచ్చిన నర్సుకు అడగకుండానే తెలుస్తుంది. ఈ పట్టీని నేను చాలా గట్టిగా సిఫార్సు చేస్తాను.

అభ్యాసం: 1000 మి.లీ. ఎన్‌ఎస్ (నార్మల్ సెలైన్), 8 గంటలు, 15 చుక్కల సెట్టు. మూడు గంటల తర్వాత 700 మి.లీ. మిగిలింది. మొదటి వేగం ఎంత, కొత్త వేగం ఎంత, పెంపు పావు వంతు దాటిందా? అదే సీసాలో రెండు ఆంప్యూళ్ల పొటాషియం ఉంటే మీరేం చేస్తారో కూడా రాయండి. జవాబులు 4వ భాగంలో.