సీక్రెట్ ఫైళ్లు విచారణ కమిషన్‌కి ఎలా పంపాలి?

కమిషన్ నుంచి సమన్లు వచ్చిన రోజు ఏ ఆఫీసులో అయినా మొదట వినపడేది ఒకటే మాట, "అది సీక్రెట్ ఫైల్ సార్, ఇవ్వలేం". నా సర్వీసు చాలావరకు విశాఖలో కాన్ఫిడెన్షియల్ సెక్షన్‌లోనే గడిచింది, ఈ మాట విన్న ప్రతిసారీ ఒళ్లు మండేది. సీక్రెట్ అనేది కవరు మీద వేసే ముద్ర, అదే కారణం అయిపోదు. 1952 కమిషన్స్ ఆఫ్ ఎంక్వైరీ యాక్ట్ సెక్షన్ 4 ప్రకారం కమిషన్‌కి సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉంటాయి, ఏ ఆఫీసు నుంచైనా రికార్డు గానీ దాని కాపీ గానీ తెప్పించుకోవచ్చు. కాబట్టి మన పనల్లా ఏది పంపాలి, ఏ ముక్క ఆపాలి, ఆపితే ఎవరు సంతకం పెట్టాలి అన్నది తేల్చడమే.

కావాల్సిన సామాను పెద్దగా ఏం లేదు. తాళం పడే గది, నెట్‌కి కలపని జిరాక్స్ మెషీన్, లక్క, పెన్సిల్, దారం, ఒక కొత్త రిజిస్టరు. గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు మాత్రం అసలు వద్దు, మన సముద్రపు గాలికి ఒక్క వానాకాలంలో తుప్పు పట్టి కాగితం తినేస్తాయి, దారంతో కుట్టండి.

మొదటి పని జాబితా. నోట్ ఫైల్ (ఆఫీసర్లు తమ అభిప్రాయాలు రాసుకునేది), కరెంట్ ఫైల్ (వచ్చిపోయిన ఉత్తరాలుండేది) రెండూ తియ్యండి, చాలామంది కరెంట్ ఫైల్ ఒక్కటే పంపి నోట్ ఫైల్ బీరువాలో దాచేస్తారు, అసలు ఎవరు ఏమనుకున్నారో ఉండేది నోట్ ఫైల్లోనే. ప్రతి పేజీకీ పెన్సిల్‌తో నంబరు వెయ్యండి. ఇవ్వబోని ఫైల్ కూడా జాబితాలో ఉండాల్సిందే. ఒక కాగితం ఆపడానికి చట్టంలో దారి ఉంది, ఆ కాగితమే లేదని చెప్పడానికి ఏ చట్టంలోనూ దారి లేదు. కనపడని ఫైల్ ఉంటే కనపడలేదని రాయండి, తగలబెట్టేస్తే ఏ తేదీన ఎవరి ఆర్డరు మీద అన్నది డిస్ట్రక్షన్ రిజిస్టరు పేజీతో సహా చూపించండి. నేతాజీ మరణం మీద 1999లో వేసిన ముఖర్జీ కమిషన్ అడిగితే ప్రధాని కార్యాలయంలో ఒక ఫైల్ 1972లోనే ధ్వంసం చేశారని తేలింది, దాని మీద అనుమానాలు ఇప్పటికీ చావలేదు. మన దగ్గర 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి ఎన్నో ఆఫీసుల్లో కాగితాలు తడిసి ముద్దయ్యాయి, అది నిజం, కానీ ఆ తర్వాత రెండేళ్లకి మొదలెట్టిన ఫైల్ కూడా తుపానులో పోయిందని రాసిన నోటు నా కళ్లారా చూశాను. ఆ ఒక్క అబద్ధంతో నిజంగా తడిసిన ఫైళ్ల గురించి చెప్పినా ఎవరూ నమ్మలేదు.

ఇప్పుడు అసలు కష్టమైన పని, కప్పడం, అంటే బయటపడకూడని ముక్కలు కనపడకుండా మూసెయ్యడం. ఇక్కడ తొందరపడకండి, ఎన్ని రోజులు పట్టినా పర్లేదు, గడువు సరిపోకపోతే కమిషన్‌కి ముందే రాసి టైం అడగండి.

ఏది కప్పాలి? సమాచారం ఇచ్చిన మనిషి ఎవరో తెలిసిపోయే ముక్క, ఇంకో దేశం నమ్మకం మీద ఇచ్చిన ముక్క, ఇప్పటికీ నడుస్తున్న రక్షణ ఏర్పాటు. అంతే. ఆఫీసరు తప్పు బయటపడుతుందనో మంత్రిగారికి ఇబ్బందనో కప్పకూడదు. తేదీలు ఎప్పుడూ కప్పకండి, ఎందుకంటే ఎవరికి ఎప్పుడు తెలిసిందన్నదే కమిషన్ వెతికేది. అమెరికాలో సెప్టెంబర్ 11 దాడుల కమిషన్ కోసం పట్టుబట్టాక, ఆ దేశాధ్యక్షుడికి 2001 ఆగస్టు 6న ఇచ్చిన గూఢచారి నివేదిక 2004 ఏప్రిల్లో బయటపెట్టారు. కొన్ని పదాలు కప్పారు, మిగతాదంతా వదిలారు. దాడికి 36 రోజుల ముందు ఏం చెప్పారో జనానికి తెలిసింది, చెప్పినవాళ్ల ఆచూకీ మాత్రం బయటకి రాలేదు. మన ఆర్టీఐ చట్టంలో సెక్షన్ 10 కూడా ఇదే చెప్తుంది, ఇవ్వకూడని ముక్క తీసి మిగతాది ఇవ్వమని.

ఇంక ఎలా కప్పాలి అంటే, ఒరిజినల్ ముట్టుకోవద్దు. జిరాక్స్ తీసి, ఆ కాపీ మీద దళసరి కాగితం ముక్క అంటించి, దాన్ని మళ్లీ జిరాక్స్ తీసి, ఆ రెండో కాపీ పంపాలి. నల్ల మార్కర్‌తో కొట్టేసి అదే కాగితం పంపేస్తారు చూడండి, అది లైటుకి ఎదురుగా పెడితే కింద అక్షరాలు కనిపిస్తాయి. ఒకసారి అలా పంపిన కాగితం ఒక లాయరు కిటికీ దగ్గర పట్టుకుని పేరు పైకి చదివేశాడు, ఆ పేరు గల మనిషి ఆ వారమే ఇల్లు మారాల్సి వచ్చింది. ఏ ఆఫీసో చెప్పను గానీ నేను ఆ రోజు అక్కడే ఉన్నాను, ఇప్పటికీ మర్చిపోలేదు. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా పెట్టడం ఇంకా ఘోరం, చాలాసార్లు కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి వేరే చోట పేస్ట్ చేస్తే వచ్చేస్తాయి. కంప్యూటర్లో ఇవన్నీ సరిగ్గా చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయంటారు, ఉండొచ్చు, నేను మాత్రం కాగితమే వాడమంటాను.

పేరొక్కటి కప్పితే సరిపోదు. పేరు కప్పి పక్కనే "ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర టీ కొట్టు నడిపే వ్యక్తి" అని వదిలేస్తే ఆ ఊళ్లో వాళ్లకి పేరు చెప్పినట్టే కదా. అదే మనిషి నోట్ ఫైల్లో నలభై చోట్ల ఉంటే ముప్పైతొమ్మిది చోట్ల కప్పి ఒక్కటి మర్చిపోయినా మొత్తం శ్రమ గంగపాలు. అందుకే ఇద్దరు విడివిడిగా చదవాలి, ఒకరు మార్కు పెట్టింది ఇంకొకరు చూడకుండా, చివర్లో రెండూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి. కప్పిన ప్రతిచోటా కారణం కనపడాలి. నేను అక్షరాలు వేయించేవాణ్ణి, క అంటే మనిషి ఆచూకీ, చ అంటే బయటి దేశం, ట అంటే రక్షణ. ఉట్టి నల్లగా వదిలేస్తే చదివేవాడు ఏదైనా ఊహించుకుంటాడు.

ఇంకో చిక్కు, మన వైజాగ్‌లో ఎక్కువ వచ్చేది. జిల్లా ఆఫీసు ఫైల్లో నేవీ ఉత్తరం ఉంటుంది, పోర్టుది ఉంటుంది, కోస్ట్ గార్డ్‌ది ఉంటుంది. వాటి మీద సీక్రెట్ ముద్ర తీసేసే అధికారం మనకి లేదు, రాసినవాళ్లకే ఉంటుంది. సమన్లు వచ్చిన రోజే వాళ్లకి ఉత్తరం రాయండి, ఫలానా తేదీలోగా అభిప్రాయం చెప్పమని, చెప్పకపోతే ఆ సంగతే కమిషన్‌కి తెలియజేస్తామని. "వాళ్లు ఇంకా చెప్పలేదు" అని ఆర్నెల్లు గడిపెయ్యడం మాత్రం పనికిరాదు.

మొత్తం కాగితమే ఆపాలంటే అది గుమాస్తా పని కాదు, సూపరింటెండెంట్ పని కూడా కాదు. పాత ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 123 ఇప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 129 అయింది, దాని ప్రకారం అనుమతి ఇవ్వాలన్నా ఆపాలన్నా శాఖాధిపతే. అఫిడవిట్ మంత్రి గానీ సెక్రటరీ గానీ వెయ్యాలి, తాను ఆ కాగితం స్వయంగా చదివానని, అది బయటపడితే ప్రజలకి ఫలానా నష్టమని అందులో ఉండాలి. ఒక్కో కాగితానికి విడివిడిగా రాయించండి. "ఈ తరగతి ఫైళ్లన్నీ రహస్యమే" అని గంపగుత్తగా చెప్తే కుదరదని 1981లో ఎస్.పి. గుప్తా కేసులోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, ఆ కేసులో జడ్జీల నియామకం మీద న్యాయశాఖ మంత్రికీ చీఫ్ జస్టిస్‌లకీ నడిచిన ఉత్తరాలే బయటపెట్టించారు.

కొంతమంది ఈ తలనొప్పంతా ఎందుకని మొత్తం ఫైల్ సీల్డ్ కవర్లో పెట్టి జడ్జిగారికి ఇచ్చేస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికి తన మీద ఏముందో తెలియదు, జవాబు చెప్పుకోలేడు. 2023 ఏప్రిల్లో మీడియావన్ ఛానల్ కేసులో సుప్రీంకోర్టు కూడా సీల్డ్ కవర్‌ని గట్టిగానే తప్పుపట్టింది. కష్టపడి కప్పి ఇచ్చిన కాగితం ఇద్దరూ చదువుకోవచ్చు, అందుకే నేను దానికే ఓటేస్తాను.

పంపడం తేలిక. రెండు కవర్లు, లోపలి దానికి లక్క సీలు, సీక్రెట్ అని రాత, పైదాని మీద అడ్రసు తప్ప ఏమీ ఉండకూడదు. పోస్టులో వెయ్యకండి, ఇద్దరు మనుషులు చేత్తో తీసుకెళ్లాలి, మధ్యలో భోజనానికి ఆగినా సంచి ఒకరి ఒళ్లోనే ఉండాలి. కమిషన్ సెక్రటరీ ఆఫీసులో కవరు విప్పించి, పేజీలు మీ ఎదురుగానే లెక్కపెట్టించి, రసీదు మీద పేజీల సంఖ్య రాసి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే రాయించుకున్నాకే మెట్లు దిగండి.