ఆర్కిమేట్ బాణాన్ని వాక్యంగా చదవండి

ఆర్కిమేట్ అంటే సంస్థల ప్రక్రియలు, సాఫ్ట్‌వేర్, వాటి మధ్య సంబంధాలను బొమ్మలుగా గీసే పద్ధతి. ఆ చిత్రంలో గీత అర్థం కాకపోతే, బాణం తోక నుంచి మొన వైపు ఒక వాక్యంగా బిగ్గరగా చదవండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ‘చెల్లింపుల స్వీకరణ’ అనే ప్రక్రియకు సర్వింగ్ బాణం ఉందనుకోండి. ‘ఈ సాఫ్ట్‌వేర్ ఆ ప్రక్రియకు సేవ చేస్తుంది’ అని చదవాలి. మొన ఎప్పుడూ సేవ పొందేవారి వైపే.

సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని గీసే మరో పద్ధతి యూఎంఎల్ అలవాటున్నవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అందులో డిపెండెన్సీ బాణం ఆధారపడే దాని నుంచి ఆధారం వైపు పోతుంది, అంటే సరిగ్గా ఎదురు దిశ. ఆర్కిమేట్ పాత కూర్పుల్లో సర్వింగ్ సంబంధం పేరు ‘యూజ్డ్ బై’. 2016లో వచ్చిన 3.0లో పేరు ‘సర్వింగ్’గా మారింది, దిశ మాత్రం మారలేదు. పాత చిత్రాలను తిరగేసి గీయకండి, దయచేసి!

మొన నిండుగా ఉంటే గీతను చూడండి: తోక దగ్గర చుక్క లేని తెగని గీతైతే ట్రిగరింగ్, ఒకటి జరిగాక మరొకటి. ముక్కల గీతైతే ఫ్లో, ఏదో ఒకటి చేతులు మారుతోంది. ఏం మారుతోందో గీత మీద రాస్తే చదివేవారికి ఎంతో మేలు. క్రియాపదం దొరకని చోట మామూలు గీతతో సరిపెట్టకండి. ఆ వ్యవస్థను నడిపేవారిని అడగండి.