వాక్యూమ్ గొట్టంలో గోడ ప్రభావం: లెక్క, కొలత

పీడనం బాగా తగ్గాక గొట్టంలో వాయు అణువులు ఒకదాన్నొకటి ఢీకొనడం అరుదు. అవి తగిలేది గోడకే. గోడ నుంచి ఏ దిశలో వెనక్కి వస్తాయన్నదే ఇక ప్రవాహాన్ని తేలుస్తుంది, స్నిగ్ధతకు పని ఉండదు.

ముందు ఆ దశలో ఉన్నారో లేదో చూసుకోండి. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 0.0067ను మిల్లీబార్లలో ఉన్న పీడనంతో భాగిస్తే గాలి సగటు స్వేచ్ఛాపథం (ఒక ఢీకి, తర్వాతి ఢీకి మధ్య అణువు సగటున వెళ్ళే దూరం) సెంటీమీటర్లలో వస్తుంది. దాన్ని లోపలి వ్యాసంతో భాగిస్తే నుడ్సెన్ సంఖ్య. అది 10 దాటితే కింది లెక్క నిశ్చింతగా వాడొచ్చు. 2 సెం.మీ. వ్యాసపు గొట్టంలో పీడనం 0.0003 మిల్లీబార్ లోపు ఉంటే చాలు.

ఇప్పుడు ఆ గొట్టం పొడవు 20 సెం.మీ. అనుకుందాం. చాలామంది వాడే పొడవాటి గొట్టం సూత్రం ఇది: వ్యాసం ఘనాన్ని పొడవుతో (రెండూ సెం.మీ.లో) భాగించి 12.1తో గుణించడం. కండక్టెన్స్, అంటే గొట్టం వాయువును ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే విలువ, సెకనుకు 4.84 లీటర్లు వస్తుంది. ఇది తప్పు, ఎందుకంటే మూతి దగ్గరి అడ్డును ఇది లెక్కలోకి తీసుకోదు. మూతి వైశాల్యాన్ని 11.6తో గుణించి (36.4 లీటర్లు), ఈ కొలతల గొట్టానికి దాటే సంభావ్యత (మూతిలోకి వచ్చిన అణువు అవతలి కొసకు చేరే అవకాశం) 0.109తో మళ్ళీ గుణిస్తే 3.97 వస్తుంది. తేడా 22 శాతం.

ఇక గోడ. 1879లో మాక్స్‌వెల్ చెప్పిన నమూనాలో ఆల్ఫా వంతు అణువులు వచ్చిన దిశ మరిచి అన్ని వైపులకూ చెదురుతాయి, మిగతావి అద్దంలో కాంతిలా పరావర్తనం చెందుతాయి. పొడవాటి గొట్టంలో కండక్టెన్స్ (2 − ఆల్ఫా) ÷ ఆల్ఫా రెట్లు పెరుగుతుంది. ఆల్ఫా 0.9 అయితే 1.22 రెట్లు. అంటే మళ్ళీ అదే 22 శాతం! మూతి సవరణ మరిచిన లెక్క, అద్దంలా కొంత పరావర్తనం చేసే గోడపై తీసిన కొలత దాదాపు కలిసిపోతాయి. గోడ పూర్తిగా చెదరగొడుతోందని అప్పుడు నమ్మేస్తాం. అందుకే మూతి సవరణ పూర్తయ్యేదాకా గోడ గురించి ఏ నిర్ణయానికీ రావొద్దు. వ్యాసాన్నీ జాగ్రత్తగా కొలవాలి, అందులో 1 శాతం పొరపాటు ఫలితంలో సుమారు 3 శాతం అవుతుంది.

కొలతకు 50 లీటర్ల పాత్రను గొట్టం ద్వారా పంపుకి కలపండి. 0.0002 మిల్లీబార్ దాకా వాయువు నింపి వాల్వు తెరవండి. పీడనం తగ్గుతుంటే ప్రతి రీడింగు నుంచీ అడుగు పీడనాన్ని (చివరికి పాత్రలో మిగిలే అతి తక్కువ పీడనం) తీసేసి, సహజ లాగరిథమ్‌ను కాలానికి ఎదురుగా గీయండి. గీత వాలును పాత్ర ఘనపరిమాణంతో గుణిస్తే కండక్టెన్స్. గేజ్ ఒక్కో వాయువుకు ఒక్కోలా చదివినా ఫరవాలేదు, దాని స్పందన పీడనానికి అనుపాతంలో ఉంటే చాలు. గీత చివర వంగిందంటే అడుగు పీడనం తప్పుగా తీసుకున్నారు, లేదా లీకు ఉంది.

ఇదే పనిని హీలియంతో, ఆర్గాన్‌తో చేసి నిష్పత్తి చూడండి. రెండింటికీ ఆల్ఫా ఒకటే అయితే 3.16 రావాలి. గొట్టం, పాత్రల కొలతల్లో పొరపాటు ఇక్కడ రద్దవుతుంది, అదే ఈ పద్ధతి బలం. అంతకన్నా ఎక్కువ వస్తే హీలియంకు ఆల్ఫా తక్కువన్నమాట. అయితే రెండింటికీ సమానంగా తగ్గితే ఈ నిష్పత్తి పట్టుకోలేదు. పంపు వేగాన్ని కూడా సవరించాలి: సెకనుకు 200 లీటర్ల పంపుతో హీలియం విలువ 5 శాతం, ఆర్గాన్ విలువ 2 శాతం లోపు తగ్గి, నిష్పత్తి 3.05 దగ్గరికి జారుతుంది. అసలు తేడా ఉన్నా అందులో మునిగిపోతుంది.

గోడ స్థితిని తప్పక రాసిపెట్టుకోండి. గరుకుదనం, నూనె పొర, అంటుకున్న నీటి ఆవిరి ఆల్ఫాను 1 వైపు నెడతాయి. నునుపైన గోడను కాల్చి శుభ్రం చేస్తే, ముఖ్యంగా హీలియంకు, తగ్గొచ్చు. మళ్ళీ గాలి తగిలితే ఆ రీడింగు నిలవదు. నీటి అణువులు గోడను సెకన్ల నుంచి నిమిషాల దాకా అంటిపెట్టుకోవడం వేరే సంగతి. అది స్థిర ప్రవాహాన్ని మార్చదు, అక్కడికి చేరడాన్ని మాత్రం ఆలస్యం చేస్తుంది.