అభిమాన సంఘం టీషర్టులా? ముందు ఒక్కటి వేయించి ఉతకండి

హీరో పుట్టినరోజుకో, సినిమా విడుదలకో సంఘం తరఫున టీషర్టులు వేయిస్తే ఒక్కోసారి రెండు ఉతుకులకే బొమ్మ పెచ్చులూడిపోతుంది. డబ్బు వేసుకున్న అభిమానులకు అది నిజంగా బాధే.

మొత్తం ఆర్డరు ఇచ్చే ముందు అసలు డిజైనుతోనే ఒక్క టీషర్టు వేయించుకోండి. ఒక రోజు ఆగి, దాన్ని తిరగేసి, చన్నీళ్లలో 3 సార్లు ఉతికి నీడన ఆరేయండి. ఆరాక బొమ్మను రెండు చేతులతో అడ్డంగా లాగండి. నెర్రెలు విచ్చినా, అంచు గోటికి లేచినా ఆ షాపు వద్దు. నల్ల గుడ్డ మీద పసుపు అక్షరాలుంటే మరింత జాగ్రత్త: అడుగున తెల్ల పూత సరిగా లేకపోతే పసుపు కాస్తా ఆకుపచ్చగా, మురికిగా కనిపిస్తుంది. గుడ్డ 180 జీఎస్‌ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు 180 గ్రాములు) కాటన్ అయితే మేలు.

నమూనాను డీటీఎఫ్‌లో (బొమ్మను ఫిల్మ్ మీద ముద్రించి వేడితో గుడ్డకు అతికించే పద్ధతి) వేసి, మిగతావి స్క్రీన్ ప్రింటింగులో (సన్నని జాలీ గుండా రంగును నేరుగా గుడ్డ మీదికి దించే పద్ధతి) వేస్తే మాత్రం ఈ పరీక్ష వృథా. అందుకే గుడ్డ, ప్రింటింగు పద్ధతి రెండూ బిల్లు మీద రాయించుకోండి.