అరుదుగా బిల్డ్ అయ్యే ఫ్లాష్ డ్రైవర్ల మరమ్మతు – 3వ పాఠం: మారిన ఆర్గ్యుమెంట్లు, 64 బిట్ల భాగహారం

లినక్స్ 4.14 కెర్నెల్ కోసం రాసిన ఒక నాండ్ ఫ్లాష్ (కరెంటు పోయినా డేటాను నిలుపుకునే మెమరీ చిప్) డ్రైవర్‌ను కొత్త సోర్సులోకి తెచ్చుకుని, 'కంపైల్ టెస్ట్' ఐచ్ఛికం సాయంతో, ఆ బోర్డు చేతిలో లేకుండానే కంపైల్ చేయడం గత పాఠంలో చూశాం. ఇప్పుడు మీ తెర నిండా ఎర్రర్లు ఉండి ఉంటాయి. వాటి సంఖ్యను చూసి బెదరనక్కర లేదు; ఒక్క హెడర్ దొరకకపోయినా దాని వెనుక పదుల కొద్దీ ఎర్రర్లు పుడతాయి కనుక, మొదటిదాన్ని మాత్రమే చదివి, సరిచేసి, ఆ ఒక్క ఆబ్జెక్ట్ ఫైలునే మళ్లీ బిల్డ్ చేయండి.

ఈ డ్రైవర్‌లో ఎక్కువగా కనిపించేది 'పాయింటర్ రకాలు పొసగడం లేదు' అన్న ఎర్రర్. పాత కోడ్‌లో నాండ్ స్కాన్ ఫంక్షన్‌కూ, బఫర్ చదివే, రాసే కాల్‌బ్యాక్‌లకూ (కెర్నెల్ పిలవడానికి డ్రైవర్ ఇచ్చే ఫంక్షన్లు) ఎంటీడీ ఇన్ఫో పాయింటర్ వెళ్లేది; ఎంటీడీ అంటే ఫ్లాష్ మెమరీలను చూసుకునే కెర్నెల్ భాగం. 2018 చివర వచ్చిన 4.20లో వాటన్నిటికీ నాండ్ చిప్ పాయింటర్ ఇవ్వాలని మార్చారు. పాత పద్ధతి కాల్‌బ్యాక్‌లను 'లెగసీ' అనే లోపలి స్ట్రక్చర్‌లోకి తరలించారు. 'అలాంటి సభ్యం లేదు' అన్న ఎర్రర్ అందుకే వస్తుంది. తప్పు డ్రైవర్‌ది కాదు, అది నిలబడిన నేలే పక్కకు జరిగింది. ఎప్పుడు, ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి గిట్ లాగ్‌కు పెద్ద 'ఎస్' ఐచ్ఛికంతో ఆ సభ్యం పేరు ఇచ్చి వెతకండి; దొరికిన కమిట్‌లో ఇతర డ్రైవర్లను ఎలా సరిచేశారో ఉంటుంది, అదే మనకు నమూనా.

ఇక్కడ చాలామంది ఒక కాస్ట్ (రకాన్ని బలవంతంగా మార్చడం) తగిలించి కంపైలర్ నోరు మూయిస్తారు. అది పనిచేసినట్టే కనిపించడం అసలు ప్రమాదం. నాండ్ చిప్ స్ట్రక్చర్‌లో ఎంటీడీ ఇన్ఫో మొట్టమొదటే ఉండటం వల్ల రెండింటి చిరునామా ఒకటే అవుతుంది. రేపు ఎవరైనా దాని ముందు మరో సభ్యాన్ని చేర్చితే, కంపైలర్ ఒక్క మాటా అనకుండానే డ్రైవర్ తప్పు చోట రాయడం మొదలుపెడుతుంది. కాబట్టి ఫంక్షన్ ప్రకటననే మార్చి, లోపల ఎంటీడీ ఇన్ఫో అవసరమైన చోట 'నాండ్ టు ఎంటీడీ' సహాయక ఫంక్షన్‌ను వాడండి.

ఆబ్జెక్ట్ ఫైలు తయారైనంత మాత్రాన పని ముగిసినట్టు కాదు. ఎంటీడీ పరిమాణం 64 బిట్ల సంఖ్య. దాన్ని ఎరేజ్ బ్లాక్ (ఫ్లాష్‌లో ఒకేసారి చెరిపే భాగం) పరిమాణంతో మామూలు భాగహార గుర్తుతో భాగిస్తే 64 బిట్ల యంత్రంపై ఏ ఎర్రరూ రాదు. అదే కోడ్‌ను 32 బిట్ల ఆర్మ్‌కు బిల్డ్ చేస్తే, కంపైలర్ ఆ భాగహారాన్ని తన సహాయక లైబ్రరీలోని ఫంక్షన్‌కు అప్పగిస్తుంది; కెర్నెల్ ఆ లైబ్రరీతో లింక్ కాదు కనుక, చివర లింక్ దశలోనో, మాడ్యూల్ అయితే దాని పేర్లన్నిటినీ సరిచూసే మాడ్‌పోస్ట్ దశలోనో, మీరెన్నడూ రాయని పేరొకటి నిర్వచనం లేదని ఎర్రర్ వస్తుంది. దీనికి 'డివ్ యు64' సరిపోతుంది. 'డూ డివ్' వాడితే మాత్రం జాగ్రత్త: అది భాగఫలాన్ని విభాజ్యంలోనే రాసి, శేషాన్ని తిరిగి ఇస్తుంది. బ్లాక్ సంఖ్య కావలసిన చోట నేనైతే ఈ రెండింటి జోలికీ వెళ్లను. ఎంటీడీలోనే ఉన్న 'ఎంటీడీ డివ్ బై ఈబీ' ఆ పని చేస్తుంది, ఎరేజ్ పరిమాణం రెండు యొక్క ఘాతాల్లో (2, 4, 8 లాంటివి) ఒకటైతే షిఫ్ట్‌తోనే ముగిస్తుంది.

గుణకారం ఇంతకంటే మోసకారి, ఎందుకంటే దానికి ఎర్రరే రాదు. పేజీ (ఫ్లాష్‌లో ఒకేసారి చదివే, రాసే భాగం) 2048 బైట్లయితే, పేజీ సంఖ్యను 2048తో గుణించడానికి దాన్ని 11 బిట్లు ఎడమకు జరుపుతాం. ఆ సంఖ్య 32 బిట్ల ఇంట్ అయితే 2 గిగాబైట్లు దాటిన చిప్‌పై ఫలితం పొంగిపోతుంది. జరపడానికి ముందే దాన్ని 64 బిట్ల రకంలోకి మార్చాలి. జరిపిన తర్వాత మారిస్తే పోయిన బిట్లు తిరిగి రావు.

అభ్యాసంగా మీ డ్రైవర్‌ను 32 బిట్ల ఆర్మ్‌కు లింక్ దశ దాకా బిల్డ్ చేయండి. 'నాండ్ రిలీజ్' దొరకడం లేదని ఎర్రర్ వస్తే ప్రస్తుతానికి అలాగే వదిలేయండి, 5.8లో దాన్ని తొలగించి, దాని పనిని రెండు ఫంక్షన్లకు పంచారు. ఆ రెండింటినీ ఏ వరుసలో పిలవాలో 4వ పాఠంలో చూద్దాం.